పాత తోలు, కొత్త అబద్ధం

తోలుపాక ముందునుంచి నడవాల్సి వస్తే మఠంలో సన్యాసులందరూ ముక్కు మూసుకునేవాళ్ళు. సున్నపు తొట్టెల్లో నానే గొర్రెతోళ్ళు, వాటినుంచి ఊడిన బొచ్చు, గీకి పారేసిన కొవ్వు, అన్నీ కలిసి ఒకటే కంపు. సీవిన్‌కి ఆ కంపు అలవాటే. చిన్నప్పటినుంచీ తోలు మీద రాస్తున్న మనిషికి తోలు కంపేమిటి? ఆయనకు ముక్కు మూసుకోవాలనిపించేది వేరే చోట. మఠాధిపతి రెన్‌ఫ్రే గదిలో తేనెమైనపు కొవ్వొత్తులు వెలిగేవి, నేలమీద వాసన ఆకులు పరిచేవాళ్ళు. అయినా అక్కడే.

రెన్‌ఫ్రే సముద్రం అవతలినుంచి కొత్త రాజు వెంట దిగిన మనిషి. ఆ రాజు కత్తితో మా ఇంగ్లండును గెలుచుకుని ఇరవై ఏళ్ళవుతోంది. ఇన్నేళ్ళలో రెన్‌ఫ్రే మా భాషలో మంచినీళ్ళు అడగడం కూడా నేర్చుకోలేదు. చేతకాక కాదు, నోరు మైలపడుతుందని. మఠంలో ఏ ఏటి సంగతులు ఆ ఏడు ఇంగ్లీషులో రాసిపెట్టే పెద్ద పుస్తకం ఒకటుండేది. ఏ ఏడు పశువులు చచ్చాయి, ఏ ఏడు తోకచుక్క కనిపించింది, ఏ రాజు ఏ కొండవాలున కూలిపోయాడు, అన్నీ అందులో ఉండేవి. సీవిన్ గురువు రాశాడు, ఆయన పోయాక సీవిన్ రాశాడు. రెన్‌ఫ్రే వచ్చిన మూడో నెలలోనే దాన్ని కట్టిపెట్టించాడు. "పందులు గురకపెట్టే భాషలో చరిత్రేమిటి?" అన్నాడు. ఆ తర్వాత మా సాధువుల ఎముకల్ని గుళ్ళోంచి తవ్వించి నిప్పుల్లో వేయించాడు. కాలకపోతే సాధువట, కాలితే ఎవడో అనామకుడట. ఛీ! మూడు తరాలు మొక్కిన ఎముకల్ని పొయ్యిలో కట్టెల్లా ఎగదోస్తుంటే నిలబడి చూడాల్సి వచ్చింది. అప్పుడూ సీవిన్ నోరు విప్పలేదు. ఆయన నోరు తిండికీ ప్రార్థనకీ తప్ప దేనికీ తెరుచుకునేది కాదు.

ఆ ఏడు ఈస్టరు ముందటి ఉపవాసాల్లో రెన్‌ఫ్రే ఆయన్ని పిలిపించాడు. మఠంలో మిగతావాళ్ళు ఎండుచేప, బార్లీ రొట్టెతో నెట్టుకొస్తుంటే మఠాధిపతి ముందు కాల్చిన నీటిబాతు ఉంది. నీళ్ళలో ఈదేదంతా చేప కిందే లెక్కని ఆయనకాయనే తీర్పు చెప్పుకున్నాడు. నున్నగా గొరిగిన గడ్డం మీద కొవ్వు మెరుస్తోంది. పక్కన ఏల్మర్ నిలబడ్డాడు. మఠంలో పెద్దాయన తర్వాత పెద్ద అతనే. మావాడే, చేపలవాడి కొడుకు. ఫ్రెంచి నేర్చాక వాళ్ళమ్మ పెట్టిన పేరును కూడా వాళ్ళ యాసలోనే పలికేవాడు.

"రాజుగారి మనుషులు వస్తున్నారు," అన్నాడు రెన్‌ఫ్రే ఎముక చీకుతూ, లాటిన్లో. "ఊరూరా తిరిగి ఏ నేల ఎవరిది, పాత రాజు రోజుల్లో ఎవరిది అని అడుగుతారు. ఎద్దు, ఆవు, పంది, దేన్నీ వదలరు. ఒకసారి వాళ్ళ పుస్తకంలోకి ఎక్కిందంటే ఇక తిరుగులేదు. హెరన్‌మియర్ బాడవ మఠం పేరున ఎక్కాలి."

హెరన్‌మియర్ సీవిన్ పుట్టిన ఊరు. ఊరికి ఉన్నదల్లా ఆ పల్లపు బాడవే. నీళ్ళు తీసిన నెలల్లో పశువులకు మేత, నీళ్ళు నిండిన నెలల్లో మలుగు చేపలు, ఇళ్ళ కప్పులకు రెల్లు, పొయ్యిలోకి కట్టెల్లా మండే ఎండిన మట్టిపెళ్ళలు, అన్నీ అక్కడినుంచే. అది పోయిందంటే నలభై గడపలవాళ్ళూ రెన్‌ఫ్రే పొలాల్లో కట్టుబానిసలు కావాల్సిందే.

"అది ఊరివాళ్ళదే తండ్రిగారూ. పత్రం కూడా ఉంది," అన్నాడు మెల్లగా.

"ఎందుకు లేదు? ఇదిగో!" రెన్‌ఫ్రే ఒక తోలుముక్కను బల్ల మీద విసిరాడు.

అది మా పాత పద్ధతిలో రాసిన జంట పత్రంలో సగం. ఒకే తోలు మీద ఒకే ఒప్పందాన్ని పైన ఒకసారి, కింద ఒకసారి రాస్తారు. రెండింటి మధ్యా పెద్ద అక్షరాలు వరసగా రాసి, ఆ అక్షరాల నడుమనుంచి కత్తితో వంకరటింకరగా కోస్తారు. పై సగం ఒకరికి, కింది సగం ఇంకొకరికి. రేపు గొడవొస్తే రెండూ తెచ్చి అంచుకు అంచు ఆనిస్తారు. తెగిన అక్షరాలు అతికితే ఒప్పందం నిజం. ఒంటి సగానికి విలువ లేదు. అరవై ఏళ్ళ కిందట మఠానికీ హెరన్‌మియర్‌కీ కుదిరిన ఒప్పందం అది. బాడవ ఊరిది, ఏటా ఉపవాసాల్లో మఠానికి నాలుగు బుట్టల మలుగులు పంపితే చాలు. పై సగం ఊళ్ళో ఉంది. కింది సగం ఇదిగో, ఇక్కడ బాతు కొవ్వు పక్కన పడి ఉంది. రాసింది సీవిన్ గురువే. పై రాతా కింది రాతా వరసకు వరస, అక్షరానికి అక్షరం సరిపోయేలా రాయడం ఆయన గొప్ప.

"దీన్ని గీకెయ్," అన్నాడు రెన్‌ఫ్రే. "గీకి, దీని మీదే లాటిన్లో రాయి. వందేళ్ళ కిందటి రాజు ఎవడో ఒకడు ఆ బాడవను మఠానికి దానమిచ్చాడని. కొత్త తోలైతే తెల్లగా పట్టిచ్చేస్తుంది. ఇదైతే పాతబడిన సరుకు. వాళ్ళ సాక్ష్యం పోతుంది, మన సాక్ష్యం పుడుతుంది. ఆ పాతకాలపు అక్షరాలు ఈ మఠంలో నీకొక్కడికే వచ్చట కదా."

"అది నా ఊరు తండ్రిగారూ. మా అక్క ఉంది అక్కడ."

ఏల్మర్ నవ్వాడు. "సన్యాసికి ఊరేంటన్నా, అక్కేంటి? పెద్దల మాట జవదాటనని ప్రమాణం చేసినప్పుడు అక్కనడిగే చేశావా?"

రెన్‌ఫ్రే ఉంగరం చెయ్యి చాపాడు. ఇక మాట ముగిసింది, ఉంగరాన్ని ముద్దుపెట్టుకుని వెళ్ళమని దానర్థం. వేళ్ళ నిండా బాతు జిడ్డు. సీవిన్ వంగి ముద్దుపెట్టుకున్నాడు. వసారాలోకి వచ్చి మూతి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. తుడుచుకుంటే ఏం లాభం? పెట్టాల్సిన ముద్దు పెట్టేశాడుగా.

కాదనొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అనలేదు. అరవై రెండేళ్ళ వయసు, చలికి మోకాళ్ళు పట్టేస్తాయి, రాతగదిలో పొయ్యి పక్కన చోటు ఆయనది. కాదంటే ఆ చోటు పోతుంది. మనిషి ఎంత చవగ్గా అమ్ముడుపోతాడో తలుచుకుంటే రోత పుడుతుంది.

తోలును ఓట్స్ తవుడు కలిపిన పాలలో నానేశాడు. ఉపవాసాల్లో ముసలి సన్యాసులకు గుక్కెడు దొరకని పాలు ఈ పనికి మాత్రం కుండెడు వచ్చాయి. మర్నాడు నానిన తోలును చట్రానికి బిగించి గరుకురాయితో రుద్దాడు. గురువు అక్షరాలు ఒక్కొక్కటే మెత్తబడి లేచి వచ్చాయి. పులిసిన పాలు, సిరా, తోలుపొట్టు కలిసి బూడిదరంగు చీమిడిలా వేళ్ళకు అంటుకున్నాయి. విదిలించినా పోలేదు. తన చేతివేళ్ళు పట్టుకుని దిద్దించిన మనిషి రాతను తనే చీమిడి చేస్తున్నానని సీవిన్‌కి తెలుసు. తెలిసీ రుద్దాడు.

ఆరిన తర్వాత రాశాడు. రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఎక్కడా తడబడలేదు, అదే ఆయనకు అన్నిటికన్నా అసహ్యం వేసిన సంగతి. వందేళ్ళ కిందటి రాజును లేపాడు, ఇద్దరు బిషప్పుల్ని లేపాడు, ఆరుగురు దొరల్ని లేపాడు, అందరి చేతా సాక్షులుగా సిలువ గుర్తులు పెట్టించాడు. చచ్చి దేవుడి దగ్గరున్నవాళ్ళ చేత దొంగసాక్ష్యం! మధ్యలో ఒక వాక్యం ముచ్చటగా కుదిరితే తనలో తాను మురిసిపోయాడు కూడా. మురిసిపోయానని తెలియగానే కలం పడేసి పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే అక్క వచ్చింది. ఎడివాకి డెబ్బై దాటాయి. అమ్మ పోయాక సీవిన్‌ని పెంచింది ఆవిడే, ఏడేళ్ళప్పుడు మఠానికి అప్పగించిందీ ఆవిడే. ఆడవాళ్ళు లోపలికి రాకూడదు గనక గేటు దగ్గరే బుట్ట దించుకుని కూర్చుంది. బుట్టలో మలుగులు ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి.

"ఏంట్రా, మొహం అలా పీక్కుపోయింది? మీ ఫ్రెంచాయన తిండి పెట్టట్లేదా?"

"ఉపవాసాలు కదే అక్కా."

"నీకు ఉపవాసాలు, ఆయనకి బాతులు. ఊరూరా చెప్పుకుంటున్నార్లే." ముక్కు ఎగబీల్చి మొహం చిట్లించింది. "ఏంట్రా ఈ పులిసిన కంపు? పసిపిల్లాడు కక్కినట్టు!"

"తోలు పనిలో ఉన్నా."

"సరే, విను. రాజుగారి మనుషులొస్తున్నారంట, బాడవ సంగతి అడుగుతారంట. మా సగం నా పెట్టెలో ఉందిలే, ఉన్నిగుడ్డలో చుట్టి. మా పాదిరిగారు మొన్న చలికాలం పోయారుగా, ఊళ్ళో చదివే దిక్కు లేక నా దగ్గర పెట్టారు. మీ సగం భద్రంగా ఉందా?"

సీవిన్ చేతులు రెండూ అంగీలోకి దోపుకున్నాడు. గోళ్ళ కింద గురువు సిరా ఇంకా ఉంది.

"ఉంది."

"నువ్వు చూశావా?"

"చూశానే."

"అమ్మయ్య! నువ్వు లోపలున్నావన్న ధైర్యమేరా మా ఊరికి."

ఆ మాటకు ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. "అక్కా, ఆ రోజు మీ సగం ఎవరి చేతికీ ఇవ్వకు," అన్నాడు గొంతు తగ్గించి. "ఏల్మర్ అడిగినా ఇవ్వకు. మఠం పత్రం చదవడం అవగానే, అంచుకు అంచు ఆనించి చూడమను. ఎవరేమన్నా వదలొద్దు."

"అదెంత పనిరా? అరుస్తా. నా గొంతు తెలుసుగా, బాడవ అవతలి గట్టు మీద ఎద్దు కూడా తిరిగి చూస్తుంది."

సంగతేమిటంటే, ఆయన బుర్రలో ఒక ఉపాయం పుట్టింది. తోలంతా గీకాడు గానీ పై అంచును, తెగిన అక్షరాల సగాలున్న ఆ వంకర అంచును, ముట్టుకోలేదు. మఠం పత్రం వెళ్ళి ఊరి సగానికి అతుక్కుందంటే పాత ఒప్పందాన్ని గీకి దొంగపత్రం రాశారని సభ మొత్తానికి తెలిసిపోతుంది. తను నోరు విప్పక్కర్లేదు, తోలే మాట్లాడుతుంది. పిరికివాడి తెలివి ఎప్పుడూ ఇంతే. పని జరగాలి, తన పేరు మాత్రం రాకూడదు.

ఇక మిగిలింది ఒకటే భయం, ఆ అంచును కత్తిరించమంటారేమోనని. ఏల్మర్ ఇక్కడే పుట్టి పెరిగినవాడు, జంట పత్రాలు తెలియనివాడు కాదు. పత్రాన్ని కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి, అంచు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. అంతలో రెన్‌ఫ్రే దాన్ని లాక్కున్నాడు.

"అబ్బ, ఈ అంచు చూడు! ఎలకలు కొరికినట్టు ఎంత ముచ్చటగా ఉందో! దీన్ని ముట్టుకోకండి, దీని వయసంతా ఇక్కడే ఉంది." ఆపైన, ముద్ర లేనిదే తనవాళ్ళు నమ్మరని, వేరే పత్రానికున్న మైనపు ముద్రను వేడి కత్తితో ఒలిపించి దీనికి వేలాడదీయించాడు.

ఏల్మర్ సీవిన్ వైపు చూసి చిన్నగా నవ్వాడంతే. ఆ నవ్వు ఎందుకో సీవిన్‌కి అప్పుడు అర్థం కాలేదు.

ఈస్టరు వెళ్ళిన రెండో వారం రాజుగారి మనుషులు వచ్చారు. పట్నంలోని పెద్ద చర్చిలో సభ పెట్టారు. ప్రమాణం చేసిన పెద్దలు ఎనిమిది మంది, నలుగురు వాళ్ళవాళ్ళు, నలుగురు మావాళ్ళు. విచారణకు వచ్చినవాడు బక్కపల్చని ఫ్రెంచి గుమాస్తా. జలుబు చేసి ముక్కు కారుతుంటే అంగీ చేతికే తుడుచుకుంటూ, ఆ చేత్తోనే పత్రాలు తిప్పుతున్నాడు. వాళ్ళ మాట మాకూ, మా మాట వాళ్ళకూ చెప్పడానికి ఏల్మర్‌ని కూర్చోబెట్టారు. ఉదయంనుంచీ ఊళ్ళు ఒక్కొక్కటే వచ్చి తమ ఎద్దుల్నీ పందుల్నీ ఒప్పజెప్పుకుని తలొంచుకుని పోతున్నాయి. తన ఇంట్లో తనకున్నదాన్ని పరాయివాడి ముందు దొంగసొత్తులా ఏకరువు పెట్టడం ఎంత నీచంగా ఉంటుందో ఆ మొహాలు చూస్తే తెలుస్తుంది.

హెరన్‌మియర్ వంతు వచ్చింది. రెన్‌ఫ్రే తన పత్రాన్ని తనే తీసుకెళ్ళి బల్ల మీద పరిచాడు. గుమాస్తా లాటిన్లో గట్టిగా చదివాడు. మైనపు ముద్రను వేలితో నిమిరి తలూపాడు. ఏల్మర్ దాని సారం ఇంగ్లీషులో చెప్పేసరికి హెరన్‌మియర్ వాళ్ళంతా గొల్లుమన్నారు.

"ఏ రాజయ్యా ఇచ్చింది? మా తాత ముత్తాతలు రాజును చూళ్ళేదు, రాజు మా బాడవను చూళ్ళేదు!" అంటూ ఎడివా జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. రొమ్ము దగ్గర దోపుకున్న ఉన్నిగుడ్డ తీసి విప్పింది. "ఇదిగో మా సగం. ఆయన పత్రాన్ని దీని పక్కన పెట్టండి. అంచుకు అంచు ఆనించండి."

"ముందు అది ఇలా ఇవ్వు ముసలమ్మా, చదివి చెబుతా," అన్నాడు ఏల్మర్.

"నీకెందుకు ఇస్తా? నువ్వు ఫ్రెంచివాళ్ళ ఎంగిలి తిన్నాక నీ అమ్మ కూడా నీకు చేప తొక్క ఇవ్వదు. ఆయన ముందే ఆనించు, అందరూ చూడాలి!"

మావాళ్ళు నవ్వారు. గుమాస్తా విసుగ్గా చెయ్యి చాపి తనే తీసుకుని, రెండు తోళ్ళనూ దగ్గరికి జరిపాడు. వంపు వంపులోకి దిగింది. తెగిన అక్షరాలు ఆరూ ఎప్పుడూ విడిపోనట్టు అతుక్కున్నాయి. సభలో మావాళ్ళందరూ ఒక్కసారి కేకపెట్టారు. ఎడివా వెనక్కి తిరిగి, సన్యాసుల వరసలో ఉన్న తమ్ముణ్ణి చూసి బోసినోటితో నవ్వింది. సీవిన్ కూడా నవ్వాడు. ఇన్నేళ్ళుగా వింటూ సీవిన్‌కి ఫ్రెంచి పట్టుబడిందన్న సంగతి ఏల్మర్ మర్చిపోయాడు. అతను గుమాస్తాతో ఏమంటున్నాడో సీవిన్ ఆ నవ్వు మీదే విన్నాడు.

"చూశారా అయ్యా? ఇంగ్లీషువాళ్ళ ఆచారంలో రెండు అంచులు అతికితే రెండు పత్రాలూ నిజమని లెక్క. మఠం పత్రం పాతదేనని, నిజమైనదేనని వాళ్ళ సొంత సగమే సాక్ష్యం చెబుతోంది. వీళ్ళ ముక్కలో ఉన్నదీ అదే మాట, కాకపోతే ఇంగ్లీషులో. పాపం, చదవడం రాక తమదనుకుంటున్నారు."

గుమాస్తా తల పంకించాడు. ప్రమాణం చేసిన మా నలుగురిలో ఒక్కడికీ చదువు రాదు, ఫ్రెంచి రాదు. హెరన్‌మియర్ వాళ్ళు గెలిచామనుకుని ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు. సీవిన్ ఉపాయం ఊరి మెడకే చుట్టుకుంది. ఆ అంచును తను మిగల్చకపోతే మఠం పత్రం ఒట్టి అనుమానంగా ఉండేది. తన తెలివే దానికి ప్రాణం పోసింది. ఆ రోజు ఏల్మర్ ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది. గుమాస్తా కలం సిరాలో ముంచాడు.

సీవిన్‌కి కడుపులోంచి ఏదో గొంతు దాకా ఎగదన్నుకు వచ్చింది. వాంతి అనుకున్నాడు. మాట.

"అబద్ధం!" అన్నాడు లాటిన్లో. అరవడం అలవాటు లేని గొంతు, పగిలిపోయింది. "రాయకండి. అది వందేళ్ళ కిందటిది కాదు, నెల రోజుల కిందటిది. రాసింది నేను."

అక్క నవ్వు మొహం మీద అలాగే ఉంది, ఆవిడకి ఇంకా ఏమీ అర్థం కాలేదు.

"ముసలాయనకి మతి తప్పిందండీ," అన్నాడు ఏల్మర్ గబగబా. "ఉపవాసాలు పడలేదు."

"మతి ఇవాళే వచ్చింది," అని సీవిన్ బల్ల దగ్గరికి నడిచాడు. దొంగపత్రాన్ని తీసుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు. "ఇంగ్లీషు మీకు రానక్కర్లేదయ్యా, కళ్ళుంటే చాలు. లాటిన్ కింద ఇంకో రాత నీడలా కనిపిస్తోంది చూడండి. ఇప్పుడు ఊరివాళ్ళ సగం చూడండి. మొదటి వరసలో మొదటి అక్షరం ఇది, కింద ఇదీ అదే. రెండోది, మూడోది. ఇక్కడ వరస ఆగింది, అక్కడా ఇక్కడే ఆగింది. రెండూ ఒకే మనిషి ఒకే మాటలు రాశాడు. ఒకటి నేను గీకేశాను. వాసన చూడండి, ఇంకా పులిసిన పాల కంపు కొడుతోంది."

గుమాస్తా జలుబు ముక్కుతో వాసన ఏం చూస్తాడు గానీ, కళ్ళు మాత్రం బాగా పనిచేశాయి. వేలు పెట్టి ఒక్కో అక్షరమే పోల్చుకుంటూ నాలుగు వరసలు వెళ్ళాడు. అయిదో వరసకు రాకుండానే పత్రాన్ని బల్ల మీద పడేసి, దాన్ని ముట్టుకున్న వేళ్ళు అంగీకి తుడుచుకున్నాడు. "బాడవ ఊరిది," అని పక్కవాడికి చెప్పి రాయించాడు. తర్వాత రెన్‌ఫ్రే వైపు తిరిగాడు. "ఇది మీ పనేనా?"

రెన్‌ఫ్రే మొహంలో ఎర్రదనం ఒక్క క్షణమే. సువార్త పుస్తకం మీద చెయ్యి పెట్టి, తనకేమీ తెలియదని, ఈ ముసలి సన్యాసి తనను మోసం చేశాడని నింపాదిగా ప్రమాణం చేశాడు. ఆ వెనకే ఏల్మర్ కూడా అదే పుస్తకం మీద అదే ప్రమాణం చేశాడు. ఇంత పచ్చి అబద్ధం పలికిన నోళ్ళు మర్నాడు మళ్ళీ బలిపీఠం దగ్గర రొట్టెను దీవిస్తాయి. థూ! సీవిన్‌కి కోపం కూడా రాలేదు. కుళ్ళిన చేప కళ్ళలోకి చూసినట్టు చూశాడంతే.

"మీ సన్యాసి, మీ శిక్ష," అన్నాడు గుమాస్తా. "దొంగపత్రాలకు మీ మఠంలో ఏం చేస్తారు?"

"రాసిన చెయ్యి పోవాలి," అన్నాడు రెన్‌ఫ్రే వెంటనే, సభంతా వినేలా. తన చెయ్యి శుభ్రమని చూపించుకోవడానికి ఇంకొకడి చెయ్యి కావాల్సి వచ్చింది ఆ మహానుభావుడికి. "ఇవాళే."

ఆ మాట మావాళ్ళకు చెప్పడానికి ఏల్మర్‌కి నోరు రాలేదు. సీవినే వెనక్కి తిరిగి అంతా చెప్పాడు, గీకడం, రాయడం, అంచు, చెయ్యి, ఏదీ దాచకుండా. ఎడివా మొహంలో నవ్వు అప్పుడు పోయింది.

ఒక చిక్కొచ్చింది. ఊరి సగానికి ఇప్పుడు జత లేదు. రేపు గుమాస్తా వెళ్ళిపోయాక ఇంకో రెన్‌ఫ్రే వస్తే? ప్రమాణం చేసిన మా నలుగురూ కొత్త జంట పత్రం కావాలని, అది మా మాటల్లోనే ఉండాలని పట్టుబట్టారు. ఇంగ్లీషు రాయగల చెయ్యి ఆ సభ మొత్తంలో ఒక్కటే ఉంది. గుమాస్తా ముక్కు తుడుచుకుని, "సరే, అది ముందు కానివ్వండి. మిగతాది తర్వాత," అన్నాడు.

సీవిన్ కొత్త తోలు పరుచుకుని కూర్చున్నాడు. గురువు రాసిన సగాన్ని ఎదురుగా పెట్టుకుని పైన ఒకసారి, కింద ఒకసారి, వరసకు వరస రాశాడు. తొందరపడలేదు, కావాలని ఆలస్యమూ చేయలేదు. బాడవ హద్దులు, రెల్లు, మేత, మలుగులు, ఒక్కో మాటా గట్టిగా చదువుతూ రాశాడు. మావాళ్ళు చుట్టూ మూగి తలూపారు. నడుమ పెద్ద అక్షరాలు వేసి, కత్తి తీసుకుని వాటి మధ్యనుంచి కోశాడు. కింది సగాన్ని గుమాస్తా మఠానికి ఇమ్మన్నాడు, ఆచారం అదే గదా. రెన్‌ఫ్రే దాన్ని చూడకుండానే ఏల్మర్ చేతిలో పడేశాడు. పై సగాన్ని ఊరి పెద్దలు తీసుకున్నారు.

గుమ్మం దగ్గర రెన్‌ఫ్రే మనిషి ఒకడు గొడ్డలితో వచ్చి నిలబడ్డాడు.

ఎడివా ఇంతసేపూ గోడకు ఆనుకుని ఉంది, తమ్ముడి వైపు చూడలేదు. ఇప్పుడు వచ్చి ఎదురుగా నిలబడింది.

"గేటు దగ్గర నేనడిగినప్పుడు, చూశానే అన్నావురా."

"అన్నాను."

"గీకేసే వచ్చి అన్నావు."

"అవునే."

"థూ!" అని ఆవిడ నేల మీద ఉమ్మింది. "చెయ్యి ఇలా తే," అంది.

సీవిన్ కుడిచెయ్యి చాపాడు. ఎడివా నడుముకు కట్టుకున్న గుడ్డ ఊడదీసి, మూలనున్న నీళ్ళ తొట్టెలో ముంచి తెచ్చి, పక్కన కూర్చుని ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. అరచెయ్యి, వేళ్ళ సందులు, ఒక్కో గోటి కిందా. చర్మం ఎర్రబడేంత గట్టిగా రుద్దింది.

"ఇన్ని రోత పనులు చేసింది ఇదే, ఊరిని నిలబెట్టిందీ ఇదే," అంది రుద్దుతూనే. "ఇలా మురికి చెయ్యిని నేనెవడికీ ఇవ్వను."

గుమ్మం దగ్గరి మనిషి గొంతు సవరించుకుని ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఆగరా," అంది ఎడివా తల ఎత్తకుండా. "ఇంకా శుభ్రం కాలేదు."